మిగులు ఎవరి సొత్తు?

కోస్తా తీరంలో క్రైస్తవం – 12వ భాగం

(జరిగిన కథ: 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజెస్ కన్నుమూశారు. వాళ్లు పోయాక, 1812లో, మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరాంపూర్‌లో తెలుగులో అచ్చయ్యాయి.)

చోడవరం, కె.కోటపాడు వైపు రైతుకి ఏడాది లెక్క చెరకు కోత అయ్యాకే తేలుతుంది. ఫ్యాక్టరీకి తోలిన చెరకు డబ్బు చేతికి రావాలి. లేదా అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలకి ధర పలకాలి. అందులోంచి కౌలు పోవాలి, ఎరువుల బాకీ పోవాలి, కోత కూలీ పోవాలి. ఇంటిల్లిపాదికీ తిండిగింజలు పక్కన పెట్టుకోవాలి. ఇవన్నీ పోయాక కూడా ఏదైనా నిలిస్తే, అది ఎవరిది? కష్టపడ్డవాడిదే అని లోకం అంటుంది. ఆ జవాబులో అన్యాయమేమీ లేదనిపిస్తుంది కూడా.

అయితే విశాఖపట్నంలో తెలుగైన ఆ సువార్తల్లో ఇంకో జవాబు ఉంది. భూమి మీద ధనం కూడబెట్టుకోవద్దని మత్తయి సువార్తలో యేసు కొండమీద చెప్పాడు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలని లూకా సువార్తలో బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పాడు. అంతకు ముందే మోషే ధర్మశాస్త్రం పొలం గట్ల వారగా ఉన్న పంటను కోయవద్దని, రాలిన పరిగెను పేదలకూ పరదేశులకూ వదలమని ఆజ్ఞాపించింది. కోతకాలంలో పరిగె ఏరుకునే ఆడవాళ్లను చూసిన ఏ పల్లెవాసికైనా ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ధర్మశాస్త్రం ప్రకారం ఆ పరిగె యజమాని దయ తలచి ఇచ్చే భిక్ష కాదు, పేదవాడికి రావలసిన వాటా.

నాలుగో శతాబ్దంలో, 368 ప్రాంతంలో, ఆసియా మైనరులోని కైసరియ పట్టణాన్ని కరువు పట్టినప్పుడు బసిలు అనే గురువు ఇదే మాటను ధనికుల ముఖాన్నే చెప్పాడు. గాదెల్లో దాచిన గింజలు ఆకలిగొన్నవాళ్లవని, పెట్టెలో మగ్గుతున్న బట్టలు బట్టలేనివాళ్లవని వాదించాడు. చెప్పి ఊరుకోకుండా తన ఆస్తి ఖర్చుపెట్టి ఆకలిగొన్నవాళ్లకు వంటలు చేయించి, స్వయంగా వడ్డించాడు. ఆ తర్వాత పట్టణం వెలుపల రోగులకూ బాటసారులకూ ఆశ్రయం కట్టించాడు.

ఈ వారం మన కథ ఆ మాట తెలుగు నేల మీద ఎలా నడిచిందో చెప్పే కథ. అందులో ఒక ఇంగ్లీషు పళ్ల డాక్టరు ఉన్నాడు, కాకినాడ తంతి ఉద్యోగి ఉన్నాడు, ఒంగోలు దగ్గర కాలువ తవ్వించిన ఒక దొర ఉన్నాడు. వాళ్లందరికంటే ఎక్కువగా, చేతిలో ఏమీ మిగలని జనం ఉన్నారు.

ఎక్సెటర్ పళ్ల డాక్టరు

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ 1795లో ఇంగ్లండులో పుట్టాడు. పంతొమ్మిదేళ్లు నిండేసరికే పళ్ల వైద్యుడిగా సొంత కాళ్ల మీద నిలబడ్డాడు. ఎక్సెటర్ పట్టణంలో ఆయన పేరు మారుమోగింది. ఏడాదికి పదిహేను వందల పౌన్ల రాబడి అని ఆనాటి వాళ్లు చెప్పుకునేవారు. అప్పటి కూలివాడికి జీవితకాలమంతా కష్టపడ్డా అంత డబ్బు కళ్లజూసే యోగం ఉండేది కాదు.

గ్రోవ్స్‌కి చిన్ననాటి నుంచీ మిషనరీగా వెళ్లాలని ఉండేది. భార్య మేరీకి మొదట్లో అది ఇష్టం లేదు. ఆయన ఆమెను తొందరపెట్టలేదు. ముందు ఇద్దరూ కలిసి రాబడిలో పదోవంతు పేదలకు తీసిపెట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకి అది నాలుగోవంతు అయింది. చివరికి ఇంటి అవసరాలకు పోగా మిగిలినదంతా ఇచ్చేయడం మొదలైంది. రాబడి పెరిగినకొద్దీ బతుకు పెరగాలన్న లోకరీతిని వాళ్లు తలకిందులు చేశారు. రాబడి పెరిగినకొద్దీ వాళ్ల ఇల్లు నిరాడంబరమైంది, ఇచ్చే చెయ్యి పొడుగైంది.

1825లో గ్రోవ్స్ ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు. క్రైస్తవ సమర్పణ గురించిన ఆ పుస్తకంలో వాదన అంతా ఒకటే: ధనం కూడబెట్టవద్దన్న యేసు మాట అలంకారం కాదు, ఆజ్ఞ. శిష్యుడు కష్టపడి పనిచేయాలి, తక్కువతో బతకాలి, మిగిలింది ఇచ్చేయాలి. మరి పిల్లల సంగతేమిటి అని అడిగేవాళ్లకి కూడా ఆయన అందులో జవాబు చెప్పాడు. తన వాళ్లను చూసుకోవాలని పౌలు రాసిన మాటకు అర్థం, అక్కరలో ఉన్న కుటుంబసభ్యులను ఆదుకోమని. పిల్లల పేరు చెప్పి ఆస్తులు పోగెయ్యమని కాదు. తండ్రి వదిలి వెళ్లే డబ్బుకంటే దేవుడి మీద భరోసా పిల్లలకు గట్టి ఆస్తి అని ఆయన నమ్మాడు.

ఈ పుస్తకాన్ని చదివి నవ్వినవాళ్లు ఉన్నారు. ప్రతివాడూ ఇలా చేస్తే వర్తకం ఏమవుతుంది, లోకం ఎలా నడుస్తుంది అన్నవాళ్లు ఉన్నారు. గ్రోవ్స్ వాళ్లతో వాదిస్తూ కూర్చోలేదు. ప్రాక్టీసు వదిలి, 1829లో భార్యాపిల్లలతో రష్యా మీదుగా నేలదారిన బాగ్దాదు బయల్దేరాడు. 1831లో ఆ నగరాన్ని ప్లేగు ముంచెత్తింది. దానికి తోడు వరదలు వచ్చాయి. మిషనరీ బతుకుకి మొదట ఒప్పుకోని మేరీ, ఆ ప్లేగులోనే ప్రాణం విడిచింది.

ఎక్సెటర్ డాక్టరు అంత రాబడి వదులుకున్నాడన్న వార్త ఒక ప్రష్యా యువకుడి మనసులో నాటుకుంది. అతను జార్జ్ ముల్లర్. తర్వాత గ్రోవ్స్ చెల్లెలు మేరీని పెళ్లాడాడు. బ్రిస్టల్‌లో అనాథాశ్రమాలు నెలకొల్పి, ఎవరినీ చెయ్యిచాచి అడగకుండా, జీవితకాలంలో పదివేల మందికి పైగా అనాథలను పెంచాడు.

బాగ్దాదు నుంచి నరసాపురానికి

1833లో గ్రోవ్స్ భారతదేశం వచ్చాడు. అప్పటికి మన కోస్తాలో నందన నామ సంవత్సరపు కరువు గుంటూరు సీమను ఊడ్చి పెట్టుకుపోయింది. జిల్లాలో ఉన్న అయిదు లక్షల మందిలో దాదాపు రెండు లక్షల మంది పోయారని లెక్కలు చెబుతున్నాయి. శవాలను తీసే దిక్కు లేక ఎముకలు పడి ఉన్నాయి కాబట్టే జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. గోదావరి నిండుగా సముద్రంలోకి పోతుంటే ఒడ్డున మనుషులు గింజ లేక చచ్చారు. ఆ నీటికి అడ్డుకట్ట వేయాలని పట్టుబట్టిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ గ్రోవ్స్‌కి స్నేహితుడే.

ఇంగ్లండు తిరిగి వెళ్లిన గ్రోవ్స్ 1836లో కొందరు తోటివారిని వెంటబెట్టుకుని మద్రాసు చేరాడు. వాళ్లలో బార్న్‌స్టేపుల్ ఊరి నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్, వాళ్ల భార్యలు ఉన్నారు. ఇద్దరూ శ్రమచేసి బతికే కుటుంబాలవాళ్లే. వాళ్ల వెనక పెద్ద మిషనరీ సంఘం లేదు, నెలనెలా జీతం లేదు. బ్రిస్టల్ నుంచి ముల్లర్ అప్పుడప్పుడూ పంపే డబ్బు, తోటి విశ్వాసుల కానుకలు, అంతే. మచిలీపట్నం మీదుగా వాళ్లు నరసాపురం చేరి తెలుగు నేర్చుకున్నారు. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టాడు. పని 1852 దాకా సాగింది. అక్కడ పోగైన వేలమంది కూలీల మధ్య బౌడెన్, బీర్ తిరిగారు. తర్వాత్తర్వాత నరసాపురం, పాలకొల్లు చుట్టూ పెరిగిన గోదావరి డెల్టా మిషన్‌కి పునాది పడింది ఇలాగే.

ఈ కథలో నాకు ఎప్పుడూ గుర్తుండే సంగతి వాళ్ల బతుకు తీరు. గ్రోవ్స్ మిగులును పంచాడు, బౌడెన్, బీర్ దగ్గర పంచడానికి మిగులే లేదు. అయినా ఉన్న కొద్దిదాన్నే జనం మధ్య పెట్టుకుని ఏళ్ల తరబడి ఈ మట్టిలో నిలిచారు. బీర్ 1853లో, బౌడెన్ 1876లో కన్నుమూశారు. ధనికుడి ఉదారత్వం వాళ్లను ఇక్కడికి చేర్చింది, నిలబెట్టింది మాత్రం వాళ్ల తెగువే.

గ్రోవ్స్ మాత్రం 1837లో చిత్తూరులో స్థిరపడ్డాడు. దైవసేవకుడు తన చేతులతో సంపాదించుకోవాలన్నది ఆయన కోరిక. కొత్త విశ్వాసులకు పని దొరకాలి కూడా. అందుకని భూమి తీసుకుని వ్యవసాయం చేశాడు, పట్టు పరిశ్రమ పెట్టాడు. అది నష్టాల్లో కూరుకుపోయింది. అప్పులు ఆయన్ని ఏళ్ల తరబడి వెంటాడాయి. ఒకప్పుడు వేల పౌన్లు దానం చేసిన మనిషి అప్పు తీర్చడానికి అల్లాడాడు. చివరికి జబ్బుపడి ఇంగ్లండు చేరి, 1853 మే 20న బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట్లోనే తుదిశ్వాస విడిచాడు.

లోకం దీన్ని ఓటమి అంటుంది. నాకు అలా తోచదు. ఇచ్చే మనసుతో పాటు వ్యవహార జ్ఞానం కూడా కావాలని చిత్తూరు చెబుతోంది. పేదవాడికి పని చూపించడం గంజి పోయడంకంటే ఎంతో కష్టమైన పని. ఆ కష్టాన్ని ఆయన నెత్తికెత్తుకున్నాడు. నలభై ఏళ్ల తర్వాత ఒంగోలు దగ్గర అదే ప్రయత్నం ఇంకో మనిషి చేతిలో ఫలించింది. దానికంటే ముందు కాకినాడ వెళ్లాలి.

తంతి ఆఫీసు వదిలిన థామస్ గాబ్రియేలు

ఇప్పటిదాకా చెప్పిన పేర్లన్నీ సముద్రం దాటి వచ్చినవాళ్లవి. ఇక్కడ పుట్టి, తెలుగు మాట్లాడి, తన సంపాదన తన వాళ్ల కోసం పెట్టిన మనిషి థామస్ గాబ్రియేలు. తంతి శాఖలో సర్కారు ఉద్యోగం చేసేవాడు. ఆ రోజుల్లో అది చిన్న ఉద్యోగం కాదు. రైలూ తంతీ అప్పుడప్పుడే దేశాన్ని కలుపుతున్న కాలం, ఆ పని తెలిసిన తెలుగువాడికి భవిష్యత్తు భద్రంగా ఉండేది. గాబ్రియేలు దాన్ని వదిలి కాకినాడ చుట్టుపక్కల పల్లెల్లో సువార్త పనిలో దిగాడు. జీతం పోయింది. సొంత సంపాదన పోయింది. చివరికి అప్పు పుట్టింది.

వెనక్కి తిరిగి ఉద్యోగంలో చేరాలని ఆయన అనుకోలేదు. మొదలుపెట్టిన పని ఆగకూడదని మాత్రమే అనుకున్నాడు. తెలుగు నాట అమెరికా బాప్టిస్టులతో కలిసి పనిచేస్తున్న కెనడా మిషనరీలు ఏ.వి. టింపనీ, జాన్ మెక్‌లారిన్‌లతో మాట్లాడి, ఈ పని మీరు చేపట్టండని వేడుకున్నాడు. కెనడా బాప్టిస్టులు ఒప్పుకున్నారు. 1874లో మెక్‌లారిన్ కాకినాడ చేరాడు. ఆ మరుసటి సంవత్సరం మొదట్లోనే గాబ్రియేలు కన్నుమూశాడు.

కెనడా బాప్టిస్టుల పని అక్కడి నుంచి ఉత్తరంగా సాగింది. భీమిలి, బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం, అనకాపల్లి, నర్సీపట్నం వైపు బడులూ ఆసుపత్రులూ ప్రార్థనా మందిరాలూ లేచాయి. చోడవరం, కె.కోటపాడు వైపు పాఠకులు తమ ప్రాంతపు సంఘాల చరిత్రను వెనక్కి తవ్వుకుంటూ పోతే, ఏదో ఒక మలుపులో కాకినాడ తగులుతుంది. కాకినాడలో ఆస్తి వదిలి అప్పు మిగుల్చుకున్న ఒక తెలుగువాడు తగులుతాడు. కెనడా డబ్బు రాకముందు తెలుగువాడి డబ్బు ఖర్చయిందన్న నిజాన్ని మన సంఘాలు బడిపిల్లలకు కూడా చెప్పాలి.

ధాత కరువు, ఒంగోలు కాలువ

1876లో ధాత నామ సంవత్సరం వచ్చింది. వానలు మొహం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో బ్రిటిష్ ఇండియాలో యాభై లక్షలకు పైగా జనం చనిపోయారు. మద్రాసు ప్రెసిడెన్సీకే పెద్ద దెబ్బ తగిలింది. దేశంలో గింజ లేక జనం చస్తుంటే రేవుల నుంచి ధాన్యం ఓడల్లోకి ఎక్కుతూనే ఉంది.

ఒంగోలులో అప్పుడు అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. 1865లో ఈ దేశం వచ్చి, మరుసటి ఏడాది ఒంగోలులో స్థిరపడ్డాడు. తాళ్ళకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తోడు కావడంతో, ఆయన మాట మాదిగ పల్లెలన్నింటికీ పాకింది. కరువు మొదట కాటేసింది ఆ పల్లెలనే. పొలం లేదు, గాదె లేదు, అప్పిచ్చే షావుకారు లేడు.

క్లౌ యవ్వనంలో అమెరికాలో భూముల సర్వే పని చేశాడు. ఆ పనితనం ఇప్పుడు అక్కరకొచ్చింది. కరువు పనులకింద సర్కారు తీరం వెంట కాలువ తవ్విస్తోంది. ఆ తర్వాత బకింగ్‌హామ్ కాలువ అని పేరొచ్చింది దానికే. క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కకు కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చినవాడికి పార, తట్ట ఇచ్చి, చేసిన పనికి కూలి ఇచ్చాడు. మిగతా చోట్ల మేస్త్రీల చేతుల్లో దెబ్బలు తిన్నవాళ్లు, కూలిలో కోత పడ్డవాళ్లు ఇక్కడికి వచ్చి చేరారు. మిషనరీ కాంట్రాక్టరు లాభం చూసుకుంటే కాదనేవాడు లేడు. ఆ కాలువ మీద ఆయన చూసుకున్నది కూలీల ప్రాణాలు.

ఇక్కడే ఆయన చేసిన ఇంకో పని చరిత్రలో గట్టిగా నిలవాలి. కరువులో వందలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గింజ కోసం మతం మారారన్న నింద వాళ్ల మీద పడకూడదన్నాడు. తిండి కోసం దేవుణ్ణి ఒప్పుకోవలసిన అగత్యం ఏ మనిషికీ రాకూడదన్నది అందులోని న్యాయం. కరువుసాయం చేతిలో ఉన్నంతకాలం, ఇంచుమించు పదిహేను నెలలు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిసింది, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పి పంపాకే తలుపు తెరిచాడు. అప్పుడు జనం రాకపోతే నింద నిజమయ్యేది. జనం వచ్చారు. 1878 జూలై 2 నుంచి 4 వరకు, మూడు రోజుల్లో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో జూలై 3 ఒక్కరోజే 2,222 మంది.

ఆ సంఖ్యను మన సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకైతే దానికి ముందున్న పదిహేను నెలలే ఎక్కువ గర్వకారణం. ఇచ్చే చేతికి ఎంత అధికారం ఉంటుందో క్లౌకి తెలుసు. ఆ అధికారాన్ని ఆయన వాడుకోలేదు. కూలి ఇచ్చి కడుపు నింపాడు, ప్రతిఫలంగా మనసు అడగలేదు. ఈనాడు పేదలకు సాయం చేసే ప్రతి క్రైస్తవుడూ, ప్రతి సంస్థా ముందుగా నేర్చుకోవలసిన పాఠం ఇదే. సాయానికి షరతు పెడితే అది వ్యాపారమవుతుంది, ఆ వ్యాపారంలో పేదవాడికి ఎప్పుడూ నష్టమే.

పిడికెడు బియ్యం

మిగులు పంచడం డబ్బున్నవాళ్ల పని అనుకుంటే ఈ చరిత్ర సగమే అర్థమైనట్టు. గుండ్లకమ్మలో మునిగి లేచినవాళ్ల దగ్గరా, ఉత్తరాంధ్ర పల్లెల్లో సంఘాలు కట్టుకున్న కూలీల దగ్గరా పౌన్లు లేవు. వాళ్ల సంఘాలు నిలబడింది ఆడవాళ్లు తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో. పూట వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం తెలుగు సంఘాల్లో తరతరాల అలవాటు. ఆదివారం ఆ బియ్యం మందిరానికి చేరుతుంది. అందులోంచి బోధకుడి ఇల్లు గడుస్తుంది, పూట గడవని విధవరాలికి కాస్త అందుతుంది.

కోతల పండుగ కూడా అలాంటిదే. పంట ఇంటికొచ్చాక కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, బెల్లం మందిరానికి తెస్తారు. ప్రార్థన అయ్యాక వేలం వేస్తారు. చవగ్గా దొరికే కోడిపుంజుకి పోటీపడి ఎక్కువ పాట పాడతారు. తానే తెచ్చిన గుమ్మడికాయని తానే ఎక్కువ డబ్బు పెట్టి పాడుకున్న ముసలమ్మలు ఏ ఊరి పండుగలోనైనా కనిపిస్తారు.

యెరూషలేములోని పేదల కోసం మాసిదోనియ సంఘాలు తమ పేదరికంలోనే ఉదారంగా ఇచ్చాయని పౌలు కొరింథీయులకు రాశాడు. గ్రోవ్స్ కూడా తన పుస్తకంలో ఆ మాసిదోనియ వాళ్లను ఆదర్శంగా చూపించాడు. పిడికెడు బియ్యం తీసే తల్లి ఏ పుస్తకమూ చదవకుండానే ఆ పని చేసింది.

అయినా ఒక బాధ చెప్పకుండా ఉండలేను. ఆ కూలితల్లుల మనుమలు చదువుకున్నారు. ఉద్యోగాలు వచ్చాయి. గాజువాకలో, హైదరాబాదులో, అమెరికాలో ఇళ్లు లేచాయి. కొన్ని సంఘాల్లో పాలరాతి మందిరాలు వచ్చాయి, ఖరీదైన మైకులు వచ్చాయి. వేదికల మీద దీవెన అంటే కారు, మేడ అని ప్రకటించే ప్రసంగాలు వచ్చాయి. ఆ మందిరానికి రెండు వీధుల అవతల కాలేజీ ఫీజు కట్టలేక చదువు మానేసిన పిల్ల ఉంటుంది, డయాలిసిస్‌కి బస్సు చార్జీ లేని మనిషి ఉంటాడు. మిగులు లేనప్పుడు పంచిన సంఘం, మిగులు వచ్చాక దాచడం నేర్చుకుంటే, ఈ రెండువందల ఏళ్ల చరిత్రకు మనం వారసులమని చెప్పుకునే హక్కు పోతుంది.

ఏం చేయాలో ఈ చరిత్రే చెప్పింది. గ్రోవ్స్ దంపతుల్లా ముందు ఇంట్లో ఇద్దరూ కూర్చుని, ఇంతకు మించి మనకు అక్కరలేదని ఒక గీత గీసుకోవాలి. రాబడి పెరిగినా ఆ గీత పైకి జరపకూడదు. గాబ్రియేలులా మన ఊరి బాధ్యతను మనమే మొదట ఎత్తుకోవాలి. పై దేశపు డబ్బు వచ్చేదాకా ఆగకూడదు. క్లౌలా, ఇచ్చినచోట మనిషి గౌరవం తగ్గకుండా చూసుకోవాలి, బదులు అడగకూడదు. పిడికెడు బియ్యం తీసిన తల్లిలా ఇప్పుడున్నదాంట్లోంచే మొదలుపెట్టాలి. అప్పుడు చెరకు లెక్కలు తేలాక నిలిచిన డబ్బు ఎవరిదన్న ప్రశ్నకు, అందులో పొరుగువాడి వాటా ఉందని మన బతుకే జవాబు చెబుతుంది.

(వచ్చే భాగంలో: 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, తెలుగు ఆడవాళ్ల కోసం ఆమె కట్టిన ఆసుపత్రి కథ)